పానకాలు బదిలీ

మా శాఖ పేరు చెప్పను. చెప్పవద్దని రేపు రాబోయే నా పెన్షన్ చెబుతోంది. గుంటూరులో మూడంతస్తుల భవనం, వరండాలో విరిగిన కుర్చీల గుట్ట, గుట్ట పక్కన ఫిర్యాదుల పెట్టె. ఈ గుర్తులతో ఏ ఆఫీసు అనుకున్నా మీరు పెద్దగా తప్పు చేసినట్టు కాదు. అందులో నేను సీనియర్ అసిస్టెంటును. పేరు చెంచురామయ్య, సర్వీసు ఇరవై ఏడేళ్ళు.

గత డిసెంబరులో మా కమిషనర్ గారు మానసిక ఆరోగ్యం మీద మూడు రోజుల శిక్షణకు వెళ్ళొచ్చారు. శిక్షణకు వెళ్ళొచ్చిన అధికారి ఊరికే కూర్చోడు. నాలుగో రోజున సర్క్యులర్ దిగింది. "ఉద్యోగులలో పెరుగుచున్న ఒత్తిడిని దృష్టియందుంచుకొని, ప్రతి జిల్లా కార్యాలయమందు శాంతస్వభావము గల ఒక సహచర శునకమును తక్షణమే అందుబాటులో ఉంచవలెను. ఇందుకు ప్రత్యేక నిధులు లేవు. పదిహేను రోజులలోగా అమలు నివేదిక పంపని అధికారులపై కఠినచర్యలు తీసుకొనబడును." ఒత్తిడి తగ్గించే ఆ కాగితంలో ఆఖరి వాక్యం చదివి మా జాయింట్ డైరెక్టర్ విశ్వంభర్ గారు ఆ పూట రెండో బీపీ మాత్ర వేసుకున్నారు.

ఆఫీసు గేటు దగ్గర కుక్కలకు కొదవ లేదు. అయితే అవి శాంతస్వభావం గలవని ధ్రువీకరించాలంటే, వాటిచేత కరిపించుకున్న ముగ్గురు ఉద్యోగుల సంతకాలు కావాలి. వాళ్ళు పెట్టేది లేదన్నారు. సరిగ్గా ఆ రోజుల్లోనే నేను క్యాంటీన్లో కూర్చుని మా ఇంటి పగ్ కుక్క గురించి గొప్పలు పోయాను. నోరా వీపుకు దెబ్బలు తేకే అని పెద్దలు ఊరికే అనలేదు.

మా పగ్ పేరు పానకాలు. రెండేళ్ళ కిందట మా ఆవిడ తిరుపతమ్మకు పెద్ద ఆపరేషన్ అయి, ఆరు నెలలు గడప దాటలేదు. ఎవరితోనూ మాట్లాడేది కాదు. అప్పుడు మా బావమరిది ఈ పిల్లను తెచ్చి ఆమె ఒళ్ళో పడేసి పోయాడు. ముఖం చూస్తే ఉగ్రనరసింహం, లోపలంతా శాంతం. అందుకని ఆవిడ మంగళగిరి స్వామిని తలుచుకుని పానకాలు అని పేరు పెట్టింది. ఆ స్వామి పోసిన పానకంలో సగం భక్తులకు వదిలేస్తాడు. మావాడు మొత్తం తాగి గిన్నె కూడా నాకుతాడు.

పగ్‌ను పెంచటమంటే సగం పని దాని ముఖంతోనే. పొద్దున్నే ఆ ముడతల్లో తడి దూదితో తుడవాలి, మళ్ళీ పొడి దూదితో తుడవాలి, లేకపోతే చర్మం ఒరుసుకుపోతుంది. కళ్ళలో చుక్కలు వెయ్యాలి. తిండి కొలిచి పెట్టాలి, ఎందుకంటే వాడికి చాలు అనే మాట తెలియదు. ఎండాకాలం ఎనిమిది దాటాక బయటికి తీసుకెళ్ళకూడదు. తిరుపతమ్మ జాకెట్లు కుడుతుంది. వాడు మిషన్ కింద తడి గోనెపట్టా మీద పడుకుని, ఆమె ఎడమ పాదం మీద గడ్డం ఆనించి గురకపెడతాడు. మిషన్ ఆగితే గురకా ఆగుతుంది, ఏమైందన్నట్టు తలెత్తి చూస్తాడు. ఆవిడ మళ్ళీ మనుషుల్లో పడింది ఆ చూపు వల్లే. నేను చెయ్యలేకపోయిన పని వాడు చేశాడని ఒప్పుకోవటానికి నాకు సిగ్గేమీ లేదు.

విశ్వంభర్ గారు నన్ను పిలిపించి కుర్చీ చూపించారు. ఇరవై ఏడేళ్ళలో ఏ జాయింట్ డైరెక్టరూ నాకు కుర్చీ చూపించలేదు, అప్పుడే అనుమానించాల్సింది. మీ శునకము యొక్క సేవలను తాత్కాలిక ప్రాతిపదికన వినియోగించుకొనుటకు కార్యాలయము ఉత్సుకతతో ఉన్నదన్నారు. మా ఆఫీసు వెనక రేకుల షెడ్డు కూడా తాత్కాలిక ప్రాతిపదికనే వేశారు, నేను ఉద్యోగంలో చేరిన ఏడాది. పదిహేను రోజులే అని ఇంట్లో చెప్పాను. తిరుపతమ్మ దూది, చుక్కల మందు, గిన్నె, పట్టా సంచీలో సర్ది నా చేతికిచ్చింది కానీ నమ్మినట్టు లేదు.

అసలు తప్పు జరిగింది నివేదిక దగ్గర. అది ఆన్‌లైన్లో పంపాలి. పోర్టల్లో ఉద్యోగికి గడి ఉంది, శునకానికి లేదు. మా సూపరింటెండెంట్ మస్తాన్ వలి గారు మరో పది నెలల్లో రిటైర్ కాబోతున్న జాగ్రత్తపరుడు. గడి లేని వస్తువు లోకంలో లేనట్టే అని ఆయన నమ్మకం. కాబట్టి ఉన్న గడే నింపుదామన్నారు. పేరు: పానకాలు. హోదా: ఆఫీస్ సబార్డినేట్. పుట్టుమచ్చలు: ముఖం నిండా ముడతలు. తండ్రి పేరు ఖాళీగా వదిలేస్తే పోర్టల్ ముందుకు కదల్లేదు, నా పేరు వేస్తే కదిలింది. నేను తండ్రిగా సంతకం చేశాను, వలి గారు పరిశీలించినట్టు సంతకం చేశారు, విశ్వంభర్ గారు ఆమోదించినట్టు సంతకం చేశారు. నిమిషంలో ఉద్యోగి సంఖ్య వచ్చింది. సర్క్యులర్ అమలులో మా జిల్లా రాష్ట్రంలోనే మొదటిదని కమిషనర్ గారి అభినందన కూడా వచ్చింది.

ఇక ఉద్యోగి అన్నాక హాజరు వెయ్యాలి. మా హాజరు ముఖం చూపించి వేసుకునేది. ఫోను ముందు కళ్ళు పెద్దవి చెయ్యమంటుంది, ఆర్పమంటుంది. వలి గారి ముఖాన్ని అది వారానికి మూడు రోజులు గుర్తుపట్టదు. పానకాలు ముఖాన్ని మాత్రం చూపించిన తక్షణం గుర్తుపట్టేది. కళ్ళు పెద్దవి చెయ్యమని వాడికి చెప్పనక్కర్లేదు గదా. జనవరి మూడో వారానికి మొత్తం ఆఫీసులో ఒక్క ఆలస్యం కూడా లేనివాడు వాడొక్కడే అని తేలింది. రిపబ్లిక్ దినోత్సవం నాడు వాడికి ఉత్తమ ఉద్యోగి ప్రశంసాపత్రం ఇచ్చారు. ముప్ఫై నాలుగేళ్ళుగా ఆ పత్రం కోసం ఎదురుచూస్తున్న వలి గారే వేదిక మీద వాణ్ణి ఎత్తుకుని నిలబడ్డారు, పాపం.

ఒత్తిడి తగ్గింపుకూ ఒక పద్ధతి పెట్టారు. సెక్షనుకు పన్నెండు నిమిషాలు. వాణ్ణి నిమరదలిచిన ఉద్యోగి తనకు ఒత్తిడి ఉన్నట్టు నిర్ణీత నమూనాలో దరఖాస్తు చేసుకోవాలి, సెక్షన్ అధికారి ధ్రువీకరించాలి. ఫలానా వారికి ఒత్తిడి లేదని దరఖాస్తు తిరిగొచ్చినప్పుడల్లా ఆ ఫలానా వారికి ఒత్తిడి పుట్టేది. ఆ ఆధారంతో మళ్ళీ దరఖాస్తు పెట్టుకునేవారు, ఈసారి మంజూరయ్యేది.

అర్జీలతో వచ్చే జనానికి మాత్రం వాడు నిజంగానే నచ్చాడు. వరండాలో వాడి పట్టా ముందు కూర్చుని జనం తమ గోడు చెప్పుకునేవారు. వాడు తల ఒక పక్కకు వంచి, నుదురు ముడిచి, చివరిదాకా వినేవాడు. మధ్యలో రేపు రమ్మనేవాడు కాదు, సారు మీటింగులో ఉన్నారనేవాడు కాదు. పొన్నూరు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ అయితే, ఈ ఆఫీసులో నా మాట పూర్తిగా విన్నది ఇదొక్కటే నాయనా అని కళ్ళు తుడుచుకుని, అర్జీ ఇవ్వకుండానే వెళ్ళిపోయింది. వాడు చేరిన మూడు నెలల్లో అర్జీలు నలభై శాతం తగ్గాయి. సమస్యలు ఆ మేరకు పరిష్కృతమైనవని విశ్వంభర్ గారు పైకి రాశారు.

ఇంటి సంగతి వేరు. వాడు సాయంత్రం ఆరింటికి వచ్చి, తిని, పడి నిద్రపోయేవాడు. పగలంతా ఆవిడ ఒంటరి. మిషన్ చప్పుడు తగ్గింది, కుట్టాల్సిన జాకెట్లు కుప్పగా పెరిగాయి. "పదిహేను రోజులైందా?" అని ఫిబ్రవరిలో ఒకసారి అడిగింది. మార్చిలో అడగలేదు. అడగనప్పుడే నాకు ఎక్కువ భయమేసింది.

మే మొదటివారంలో బదిలీల జాబితా వచ్చింది. ఈసారి కంప్యూటరే వేసింది కాబట్టి ఎవరినీ తిట్టడానికి లేదు. పానకాలు, ఆఫీస్ సబార్డినేట్, గుంటూరు నుంచి రెంటచింతలకు. పదో తేదీలోగా విధుల్లో చేరవలెను.

రెంటచింతల గురించి తెలియనివాళ్ళకు ఒక్క మాట. మేం గుంటూరు ఎండలో పుట్టి, మిరపకాయ తిని పెరిగినవాళ్ళం. అలాంటి మేమే పేపర్లో రెంటచింతల ఉష్ణోగ్రత చదివి, లేచి ఒక చెంబు నీళ్ళు తాగుతాం. అక్కడి మా ఉప కార్యాలయంలో ఆరేళ్ళుగా ఎవరూ లేరు. వేసినవాళ్ళందరూ వేసిన రోజే ఏదో ఒక రోగం తెచ్చుకున్నారు.

వాణ్ణి చూసే పశువుల డాక్టరు ఫిలోమినా గారి దగ్గరికి ఇద్దరం పరిగెత్తాం. ఆమె వాడి గొంతు దగ్గర చెవి ఆనించి చాలాసేపు విన్నారు. "కుక్కకు మనలాగా చెమట పట్టదండీ. నోరు తెరిచి ఒగర్చుకుంటేనే ఒళ్ళు చల్లబడుద్ది. వీడి ముక్కు చూడండి, బొత్తామంత ఉంది. ఒగర్చటానికే ఊపిరి చాలదు. ఆ ఎండలో ఒక్క మధ్యాహ్నం కూడా ఆగడు," అన్నారు. తిరుపతమ్మ బయటికొచ్చి మెట్ల మీద కూర్చుండిపోయింది. కుక్కకు బదిలీ ఏంటండీ, రేపటి నుంచి ఇంట్లోనే ఉంచెయ్యండి అంది. నిజమే గదా అనిపించింది నాకూ.

విశ్వంభర్ గారు ఈసారి కుర్చీ చూపించలేదు. "కుక్క అని మీరు అనుచున్నారు. రికార్డు ప్రకారం ఆయన ఉద్యోగి. కాదని మీరు రాసి ఇచ్చినచో, అయిదు నెలలుగా కుక్కను ఉద్యోగిగా చూపిన అభియోగము ముగ్గురిపై వచ్చును. ఆమోదించిన నాపై, పరిశీలించిన వలి గారిపై, తండ్రి అయిన మీపై," అన్నారు. వలి గారు పక్కన నిలబడి నా వైపు చూశారు. ఆ చూపులో ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసూ, పెళ్ళి కావాల్సిన మనవరాలూ కనిపించారు. పానకాలు మనిషిగా కొనసాగటం మూడు కుటుంబాలకు అవసరమైపోయింది.

పోనీ వెళ్ళకుండా ఇంట్లో ఉంచేస్తే? వారం గైర్హాజరైతే ప్రధాన కార్యాలయం నుంచి విచారణాధికారి స్వయంగా వచ్చి ఉద్యోగిని చూస్తాడు. చూస్తే తెలిసిపోతుంది. రాజీనామా? అది ఉద్యోగి స్వదస్తూరీతో ఉండాలి. ఆరోగ్య కారణాలు చూపుదామంటే, పశువైద్యుల పత్రం ఉద్యోగులకు చెల్లదట. మెడికల్ బోర్డుకు రాయమన్నారు. ఉన్న లక్షణాలు ఉన్నట్టే రాశాను. పనివేళల్లో అధిక నిద్ర, నిద్రలో గురక, రెండు మెట్లెక్కితే ఆయాసం, తినుబండారాలపై అదుపులేని ఆసక్తి, లేచి రమ్మని పిలిచినా కదలకపోవటం. బోర్డు రెండు రోజుల్లో జవాబిచ్చింది. "పై లక్షణములు శాఖలో సర్వసాధారణము. వీటి ఆధారముగా మినహాయింపు ఇచ్చినచో జిల్లాలో విధులు నిర్వర్తించువారు మిగలరు."

మిగిలింది సంఘం. మా ఉద్యోగుల సంఘం కార్యదర్శి అంకమ్మరావు గట్టివాడు, బదిలీ నిబంధనలు నిద్రలో లేపినా చెబుతాడు. భార్యాభర్తలు ఒకే ఊళ్ళో ఉండాలన్న నిబంధన కింద వాడికి పెళ్ళి చేద్దామన్నాడు మొదట. గుంటూరులో ఉద్యోగం చేస్తున్న ఆడకుక్క మరొకటి లేనందువల్ల ఆ ఆలోచన విరమించాడు. ఆఖరికి గొంతు తగ్గించి, ఒకే దారి ఉందన్నాడు. సంఘంలో పదవి ఉన్నవాణ్ణి ఎవరూ కదపటానికి లేదు.

ఆ దారి నాకు తెలుసు. పదకొండేళ్ళుగా నేను నడుస్తున్నది దాని మీదే. సంఘానికి నేను సాంస్కృతిక కార్యదర్శిని. అంటే పాటలు పాడాలని కాదు, నాటకాలు వెయ్యాలనీ కాదు. ఆ పదవిలో ఉన్నవాణ్ణి గుంటూరు దాటించకూడదు, అంతే దాని సంస్కృతి. సంఘంలో ఇలాంటి పదవులు పదకొండున్నాయి, పదకొండిట్లోనూ మనుషులున్నారు. నేను మినహా మిగతా పదిమందినీ కలిశాను. ఒకరికి మోకాలు, ఒకరికి కొత్తగా పోయించిన స్లాబు, ఒకరికి అత్తగారు. అంకమ్మరావు తన పదవి గురించి అడగకముందే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. పదిమందినీ కలిసినవాణ్ణి పదకొండోవాణ్ణి మాత్రం రెండు రోజులు కలవలేదు. వాడెదురుపడతాడని అద్దం ముందు గడ్డం కూడా గీసుకోలేదు.

ఎనిమిదో తేదీ సాయంత్రం ఇంటికెళ్ళేసరికి మిషన్ మీద గుడ్డ కప్పి ఉంది. తిరుపతమ్మ నేల మీద కూర్చుని వాడి ముడతలు తుడుస్తోంది. వాడు కళ్ళు మూసుకుని, హాయిగా, ఎవరో తన కోసం అన్నీ చూసుకుంటారన్న ధీమాతో ముఖం అప్పగించి ఉన్నాడు. ఆ ధీమా చూసి నాకు కోపమొచ్చింది. తరవాత సిగ్గేసింది. ఆ పూటే తెల్లకాగితం తీసి, వ్యక్తిగత కారణాలవల్ల సాంస్కృతిక కార్యదర్శి పదవికి రాజీనామా చేస్తున్నానని రాసి సంతకం పెట్టాను.

మర్నాడు సర్వసభ్య సమావేశం జరిగింది. పానకాలు పేరును అంకమ్మరావు ప్రతిపాదించాడు, వలి గారు బలపరిచారు, ఎన్నిక ఏకగ్రీవం. కొత్త కార్యదర్శి వేదిక మీద సమావేశం అయ్యేదాకా నిద్రపోయాడు, ఆ విషయంలో మా సంఘం సంప్రదాయం ఏమాత్రం తప్పలేదు. వాడి బదిలీ రద్దయింది. అంతటితో ఆగలేదు. అంకమ్మరావు నా భుజం మీద చెయ్యేసి ఒక సంగతి చెప్పాడు. "ఇంకో మాటన్నా. పదవిలో ఉన్నోళ్ళు ఆఫీసుకు రానక్కర్లేదు గదా. సంఘం పని మీదున్నట్టు రాసేస్తాం. మనోడు ఇక ఇంటికాడే ఉండొచ్చు."

పదకొండేళ్ళుగా నాకున్న ఆ సౌకర్యం నాకు గుర్తే రాలేదు. ఆ ఒక్కటీ మాత్రం నేను వాడుకోలేదు మరి, ఇంట్లో ఉంటే పనులు చెబుతారని. వాణ్ణి చంకనెత్తుకుని ఆటో ఎక్కి ఇంటికొచ్చి, ఇక రిటైరయ్యేదాకా వీడు నీ దగ్గరే అని ఆవిడతో చెప్పాను. తిరుపతమ్మ మిషన్ మీది గుడ్డ లాగేసింది. అయిదు నెలల తరవాత పగటిపూట మిషన్ చప్పుడూ, వాడి గురకా కలిసి విన్నాను. ఆ సంతోషంలో అసలు మాట ఆమెకు చెప్పలేకపోయాను.

రెంటచింతలలో ఖాళీ ఖాళీగానే ఉండటానికి కంప్యూటర్ ఒప్పుకోదు. ఒక పేరు తీస్తే ఇంకో పేరు వేస్తుంది. పదకొండేళ్ళుగా కదలనివాడి పేరు ఎక్కడుంటుందో తెలుసుకోవటానికి జాబితా చూడనక్కర్లేదు. పదో తేదీ ఉదయం నాకు శాలువా కప్పి, సాయంత్రంలోగా అక్కడ చేరమన్నారు. ఒక సహోద్యోగి కొరకు మరొక సహోద్యోగి చేసిన ఈ త్యాగము శాఖ చరిత్రలో లిఖించదగినదని విశ్వంభర్ గారు మాట్లాడారు. వలి గారు మాత్రం నా టిఫిను సంచీ తీసుకుని గేటుదాకా వచ్చారు.

ఇంటికెళ్ళి కాగితం చూపిస్తే తిరుపతమ్మ రెండుసార్లు చదివింది. చదివి, లోపలికెళ్ళి నా బట్టలు సర్దటం మొదలుపెట్టింది. ఒక్క కన్నీటి చుక్కైనా రాకపోతుందా అని నేను గుమ్మంలో నిలబడ్డాను. రెండు తువ్వాళ్ళు ఎక్కువ పెట్టి, సంచీ జిప్పు లాగి, నా ముఖంలోకి పరీక్షగా చూసింది.

"మీకేం కాదులేండి. మీ ముక్కు పొడుగేగా," అంది.

ఇరవై ఎనిమిదేళ్ళ కాపురం. మాచర్ల బస్సెక్కి సత్తెనపల్లి దాటేదాకా ఆ మాటే నములుకుంటూ కూర్చున్నాను. కుక్కకు బదిలీ అయితే మెట్ల మీద కూలబడిన మనిషి, మొగుడికి అయితే ముక్కు కొలిచి పంపించింది. పిడుగురాళ్ళ దగ్గర ఫోన్ మోగింది.

"ఎక్కడిదాకా వచ్చారు?"

"పిడుగురాళ్ళ."

"ఊపిరాడుతోందా?"

"ఆడుతోంది."

ఆమె ముక్కు చీదిన చప్పుడు వినిపించింది, వెనకాల వాడి గురక వినిపించింది. శనివారం వచ్చెయ్యండి, పప్పుచారు చేస్తాను అని పెట్టేసింది.

గురజాల దాటేసరికి రెండున్నర. కిటికీలోంచి గాలి పొయ్యి మూత తీసినట్టు ముఖాన కొట్టింది. పక్కసీటాయన తువ్వాలు తడిపి నెత్తిన వేసుకున్నాడు. నేనూ వేసుకున్నాను, నిమిషంలో అది అప్పడంలా ఎండింది. నోరు తెరిచి గాలి పీల్చుకుంటూ, ఒళ్ళోకి చూసుకున్నాను. ఒళ్ళో సంచీ తప్ప ఏమీ లేదు. ఆ ఎండలో, ఆ బస్సులో, వాడు నా ఒళ్ళో లేనందుకు నాకు ఏడుపొచ్చేంత సంతోషం కలిగింది. ఇరవై ఏడేళ్ళలో లక్ష సంతకాలు పెట్టి ఉంటాను. ఒక ప్రాణికి పనికొచ్చిన సంతకం మాత్రం ఆ రాజీనామా కాగితం మీద పెట్టిందే.